నాలుగో చిప్

సోమవారం పొద్దున పదింటికి డాక్టర్ కౌసల్యమ్మ ఫోన్ చేసేసరికి వర్క్‌షాపులో సంతోషి ఒక్కతే ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. ఆ రోజు బంద్ కూడా. దిల్‌సుఖ్‌నగర్ అంతా షట్టర్లు దించుకుని కూర్చుంది. కింది అంతస్తులోని కోచింగ్ సెంటర్‌కు తాళం పడింది. సరూర్‌నగర్ నుంచి సందుల్లో పడి స్కూటీ మీద రాగలిగింది కాబట్టి సంతోషి వచ్చింది. మిగతావాళ్ళెవరూ రాలేదు.

"సంతోషీ, మీ మిషన్ లేస్తలేదమ్మా," అంది డాక్టరమ్మ. "పొద్దుగాల కరెంటు పోయింది. జనరేటర్ ఏసినం. అప్పటిసంది మూడు దాక పోతది, మల్ల మొదటికొస్తది. పావుగంటాయె, గిదే ఆట."

"పేషెంట్ ఉన్నరా మేడమ్?"

"ఉన్నది. ఎనిమిదో నెల నిండింది. నొప్పి లేదు, రక్తం పోతున్నది. మాయ కిందికుందని నా అనుమానం. స్కాన్ చూడకుండ నేను చెయ్యి పెట్టి చూడొద్దు. నిజంగనే మాయ అడ్డముంటే అక్కడికక్కడ్నే ప్రాణం పోతది. చుట్టుముట్టు స్కానింగ్ సెంటర్లన్ని బంద్. అంబులెన్సు హయత్‌నగర్ కాడ ఇరికింది. ఎంతసేపట్ల ఒస్తవ్?"

"ఎల్లిన మేడమ్," అంది సంతోషి. అనేసరికి ఆమె చేయి అప్పటికే లాప్‌టాప్ మూస్తోంది.

ఎల్బీనగర్ రింగ్ రోడ్డు పక్కన కౌసల్యమ్మది పది పడకల ప్రసూతి ఆసుపత్రి. అక్కడున్న స్కానింగ్ మిషన్‌ను తయారు చేసింది ఈ వర్క్‌షాపే. యజమాని శ్రీరామమూర్తి దాని బోర్డు గీశాడు. బోర్డు మీది మైక్రోప్రాసెసర్‌కు ప్రోగ్రాం రాసింది సంతోషి. కడుపులోంచి తిరిగొచ్చే ధ్వనిని పట్టి బొమ్మగా కూర్చడానికి ఆ బోర్డు మీద నాలుగు పెద్ద చిప్‌లు వరసగా ఉంటాయి. కరెంటు పోతే అవి చేయాల్సిన పనంతా మరిచిపోతాయి. స్విచ్ వేసిన ప్రతిసారీ మైక్రోప్రాసెసర్ మెమరీలో దాచిన నాలుగు ఫైళ్ళను తీసి, ఒక్కొక్క బిట్టుగా వాటికి మళ్ళీ నేర్పాలి. మొదటి చిప్ తన వాటా నిండగానే రెండోదానికి దారి వదులుతుంది. రెండోది మూడోదానికి, మూడోది నాలుగోదానికి. మధ్యలో ఏ చిప్‌కు తప్పు కనబడినా నాలుగింటికీ కలిపి ఉన్న ఒక తీగలోని వోల్టేజిని కిందికి లాగుతుంది. దాంతో నాలుగూ ఖాళీ అయిపోతాయి. పని మళ్ళీ మొదటి నుంచి. నాలుగూ నిండితే తప్ప ఏ ఒక్కటీ పని మొదలుపెట్టదు.

మూడు దాకా పోయి వెనక్కి వస్తోందంటే తిరకాసు నాలుగోదాని దగ్గరే. చిప్ కాలిపోయి ఉండొచ్చు, దాని కాలు ఏదైనా ఊడి ఉండొచ్చు. అలా అనుకుందామని చూసింది గాని సంతోషికి మనసొప్పలేదు. శుక్రవారం ఆ మిషన్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి వచ్చింది తనే.

చిప్‌దే లోపమైతే టంకం పెట్టి సరిచేయగల చేయి శ్రీరామమూర్తిది. ఆయన ఇల్లు రెండు సందుల అవతలే. కానీ ఆయనతో పనిమాటలు కూడా సరిగ్గా మాట్లాడి మూడు వారాలైంది.

సంతోషి తండ్రి అంతయ్య ఆర్టీసీ డ్రైవరు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళు బస్సు నడిపి, ఇప్పుడు సమ్మెలో కూర్చున్నాడు. మూడు వారాల కింద మధ్యాహ్నం అన్నాలు తింటుండగా శ్రీరామమూర్తి పేపరు మడుస్తూ, "జనాన్ని చంపుకుతింటున్నారు. ఎవరి కోసమండీ ఇదంతా?" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. సంతోషి మాత్రం ఊరుకోలేదు. "మా కోసం సార్. మా నాయన దసరకు గూడ జీతం లేకుంట కూసున్నడు. సరదకా?" అంది. "నేను మీ నాన్ననేమన్నాను?" అన్నాడాయన. "ఎవర్నన్నరో నాకెర్కనే," అని ఆమె డబ్బా మూసి లేచింది. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా చీటీలే నడుస్తున్నాయి. ఏం కావాలో రాసి ఎదుటివాళ్ళ బల్ల మీద పెట్టడం, అయిపోయాక అడ్డంగా ఒక గీత కొట్టి తిరిగి పెట్టడం.

ఆయన భార్య వెంకాయమ్మ తలుపు ఓరగా తీసింది. విషయం విని, "ఇవాళ ఈయన్ని బయటికెలా పంపనమ్మా? నోరు విప్పితే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుంది," అంది. లోపలి నుంచి శ్రీరామమూర్తి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. సంతోషి మొహం చూడకుండానే అడిగాడు.

"మూడు దాకా వెళ్తోందా?"

"అవ్ సార్."

"టంకం ఇనుము తెచ్చావా?"

"సంచిల ఉంది. స్కోపు గూడ పెట్టిన."

"పద."

హైవే మీద కొత్తపేట దగ్గరే దారి మూసేశారని తెలిసి సంతోషి బండిని సరూర్‌నగర్ చెరువు పక్క సందుల్లోంచి కర్మన్‌ఘాట్ వైపు తిప్పింది. వెనక శ్రీరామమూర్తి సంచిని పొట్టకు అదుముకుని కూర్చున్నాడు.

"ఎవరన్న ఆపితే నేను మాట్లాడత సార్. మీరు జర సప్పుడు జెయ్యకుండ్రి."

ఆయన సంచి పట్టీని చేతికి చుట్టుకున్నాడు.

సాగర్ రోడ్డు మీదికి రాగానే ఆపారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాటి వెనక మూడు రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. రోడ్డు మీదే వండుకు తినే నిరసన, వంటా వార్పు. రెండు మూడు వందల మంది ఉంటారు. మెడలో గులాబీ కండువా వేసుకున్న నడివయసు మనిషి ఒకడు ముందుకొచ్చి బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"వాపస్ పో చెల్లే. ఇయ్యాల బండ్లు పోనిస్తలేం."

"దవాఖానకన్నా. అర్జంటు. స్కానింగ్ మిషన్ ఖరాబయింది, మేం బాగు జేసెటోళ్ళం."

"సంచిల ఏముంది?"

ఇంకో ఇద్దరు దగ్గరికి వచ్చారు. సంతోషి జిప్పు తీసి చూపించింది. తీగలు, క్లిప్పులు, చిన్న తెర ఉన్న స్కోపు పెట్టె. చూసినవాళ్ళ మొహాల్లో అనుమానం తగ్గకపోగా పెరిగింది.

"వెనక సార్ ఎవరు? ఏ ఊరు సార్ మీది?"

మా మామ అని చెబుదామని సంతోషి నోరు తెరిచింది. అంతకుముందే శ్రీరామమూర్తి బండి దిగాడు.

"మాది భీమవరం దగ్గర బాబూ. ఇరవయ్యారేళ్ళ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాను. అక్కడ ఒకావిడకి రక్తం పోతోంది. కడుపులో బిడ్డ ఉంది. మీకు నమ్మకం లేకపోతే నన్నిక్కడ కూర్చోబెట్టుకోండి. ఈ అమ్మాయిని వెళ్ళనివ్వండి."

కండువా మనిషి కాసేపు ఆయన్నే చూసి, "డాక్టర్ నెంబర్ జెప్పు," అన్నాడు. సంతోషి చెప్పింది. రెండుసార్లు లైను కలవలేదు. మూడోసారి మోగింది. అతను స్పీకర్ నొక్కాడు.

"అమ్మా, మేం సాగర్ రోడ్డు కాడి నుంచి..."

"ఆ ఇద్దరు మీ తానున్నరా?" అని అరిచింది కౌసల్యమ్మ. "పిల్ల పండుకోని సలికి వణుకుతున్నది ఈడ. నువ్వెవరన్న గాని, ఒక్క నిమిషం ఆపితే నీదే పాపం. పంపు!"

ఫోన్ పెట్టేసింది. అతను మరో మాట మాట్లాడకుండా వంగి రాయి ఎత్తాడు. మిగతావాళ్ళు కూడా వంగారు. బండి పట్టేంత దారి చేసి, తనే ముందు పరిగెత్తుతూ, "దవాఖాన బండి, జరుగుండ్రి," అంటూ జనం అవతల దాకా వచ్చి వదిలాడు.

ఆసుపత్రి మెట్ల కింద జనరేటర్ దడదడలాడుతోంది. స్కాన్ గదిలో మంచం మీద స్వరూప వెల్లకిలా పడుకుని ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయి. పెదవులు పాలిపోయాయి. కాళ్ళ వైపు మంచాన్ని ఇటుకల మీద ఎత్తారు. చేతికి సెలైను ఎక్కుతోంది. ఆమె అత్త పెంటమ్మ తలగడ దగ్గర నిలబడి కోడలి నుదురు నిమురుతోంది.

"మిషన్ డాక్టర్లు ఒచ్చిండ్రా?" అంది పెంటమ్మ.

"బీపీ పడుతున్నది," అంది కౌసల్యమ్మ మెల్లగా, పేషెంటుకు వినబడకుండా. "మత్తు డాక్టర్‌ను పోలీసు బండిల తెప్పిస్తున్న. రక్తం రెండు సీసాలు పెట్టుకున్న. ఆయన వచ్చేలోపల నాకు బొమ్మ గావాలె. అరగంట."

శ్రీరామమూర్తి మిషన్ వెనక మూత విప్పాడు. సంతోషి నేల మీద కూర్చుని లాప్‌టాప్ తీగను బోర్డుకు తగిలించి స్విచ్ వేసింది. తెర మీద వరసలు కదిలాయి. ఒకటి నిండింది. రెండు నిండింది. మూడు నిండింది. నాలుగోది మొదలై చివరిదాకా వచ్చేసరికి ఉమ్మడి తీగలో వోల్టేజి పడిపోయింది. మళ్ళీ ఒకటి.

"నాలుగో చిప్ పోయినట్టుంది," అన్నాడు శ్రీరామమూర్తి. "దాన్ని వరసలోంచి తీసేద్దాం. ఉమ్మడి తీగకు దాన్ని కలిపే చిన్న రెసిస్టర్ ఉంది కదా, అది పీకేస్తాను. నువ్వు ప్రోగ్రాంలో మూడే ఉన్నాయని చెప్పు. అయిదు నిమిషాల్లో మిషన్ లేస్తుంది."

"బొమ్మ ఎట్లుంటది?" అంది కౌసల్యమ్మ.

"కుడివైపు నాలుగో వంతు నల్లగా ఉంటుందండీ. మిగతాది బాగానే కనబడుతుంది."

"మాయ అంచు ఆ నల్లటి కాడనే ఉంటే? లేదనుకోని నేను చెయ్యి పెడితే?"

ఆయన చేతిలో టంకం ఇనుము వేడెక్కుతోంది. పొగ వాసన మొదలైంది. "ప్రోబు అటూ ఇటూ తిప్పి చూడాలి మరి," అన్నాడు గాని గొంతులో నమ్మకం లేదు.

సంతోషి తెర మీంచి తల ఎత్తలేదు. "సార్, ఆగుండ్రి. చిప్ పోయిందా లేదా చెప్త. రెండు నిమిషాలు."

చిప్ పాడైతే, లేకపోతే జనరేటర్ కరెంటు సరిగ్గా లేకపోతే, ఒక్కోసారి ఒక్కోచోట ఆగాలి. ఎన్ని బైట్లు పోయాక తీగ పడుతోందో తెర మీద వచ్చేట్టు ఒక చిన్న మార్పు చేసి మళ్ళీ నడిపింది. అంకె వచ్చింది. కాగితం లేక ఎడమ అరచేతి మీద రాసుకుంది. మళ్ళీ నడిపింది. అదే అంకె. మూడోసారి. చివరి అంకె దాకా అదే.

"చిప్ మంచిగనే ఉంది సార్. ఫైలే ఖరాబైంది. మెమరీల ఆ జాగల ఏముందో చూస్తున్న."

చూసింది. నాలుగో ఫైలు చివర ఉండాల్సిన డేటా లేదు. ఒక పేజీ నిండా ఒకే అక్షరం, చెరిపేసిన పలకలాగా. ఆ పేజీ నంబరు చూడగానే ఆమె గుర్తుపట్టింది. అది తను ఎంచుకున్న పేజీ.

ఒక క్షణం ఏమీ అనకుండా ఉందామనిపించింది. ఫైలు పాడైందని చెబితే చాలు. ఎందుకు పాడైందో ఇప్పుడెవరడుగుతారు? మంచం మీద స్వరూప "అత్తా, కదులుతున్నది, సూడు" అంటోంది నీరసంగా. సంతోషి అటు చూసి, ఇటు తిరిగింది.

"నేనే చేసిన సార్."

శ్రీరామమూర్తి ఇనుము పక్కన పెట్టాడు.

"కరెంటు దినాం ఎన్నిసార్లు పోతుందో తెలుసుకుందామని ఒక లెక్క పెట్టిన. మిషన్ లేచినప్పుడల్లా మెమరీల చివరి పేజీల ఒక అంకె రాస్తది. రాయాలంటే ఆ పేజీల ఉన్నదంత చదువుకోని, పేజీని మొత్తం చెరిపి, మళ్ళ అంతా రాయాలె. పొద్దుగాల చెరిపినంక, రాసేలోపల్నే కరెంటు పోయినట్టుంది. మీకు చెప్పకుంట పెట్టిన."

ఆయన కోప్పడతాడని చూసింది. ఆయన ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తెర మీది అంకెలు చదువుతున్నాడు.

"ఆ పేజీ ఖాళీదే కదా?" అన్నాడు నెమ్మదిగా. "నాలుగో ఫైలు దానికి ముందే అయిపోవాలి."

"ఖాళీదనే తీసుకున్న సార్. మరి ఇప్పుడు ఫైలు దాంట్లకు ఒచ్చి ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అన్న మాట సంతోషికి ఇప్పటికీ జ్ఞాపకం.

"నాది కూడా ఉందమ్మాయ్. కుడి అంచున బొమ్మ గరుకుగా వస్తోందని నాలుగో చిప్‌లో చిన్న మార్పు చేశాను. ఫైలు పెరిగింది. తీసుకొచ్చి మన ఫోల్డర్‌లో పడేశాను. నీకు చీటీ కూడా రాయలేదు. ఆ కొత్త ఫైలే నువ్వు శుక్రవారం ఎక్కించావు."

"మీ పంచాయితీ తర్వాత జేసుకోండ్రి," అంది కౌసల్యమ్మ వెనక నుంచి. "ఆ ఫైలు మీ తాన ఇంకోటి లేదా?"

"ఆఫీసు కంప్యూటర్ల ఉంది మేడమ్. పోయి రావాలంటే గంటన్నర." సంతోషి లాప్‌టాప్ మీద వేళ్ళు ఆపింది. తర్వాత శ్రీరామమూర్తి వైపు తిరిగింది. "సార్. మీరు ఆ మార్పు జేయకముందు మూడో ఫైలు, నాలుగో ఫైలు ఒక్కటే గదా?"

"ఒక్కటే. రెండు చిప్‌లూ చేసే పని ఒకటే. తను ఎన్నోదో బోర్డు మీద రెండు కాళ్ళకిచ్చిన కనెక్షన్‌ని బట్టి తెలుసుకుంటుంది." చెబుతూనే ఆయనకు అర్థమైంది. "మూడో ఫైలునే రెండుసార్లు పంపిస్తావా?"

"మూడోది పంపినంక నాలుగోది ఎక్కడుందో చూపే అడ్రసు ఒకటుంటది. దాన్ని మార్చి మళ్ళ మూడోదాని మీదికే తిప్పుత. మీ మార్పు ఉండదు. అంతే."

"అంచున కొంచెం గరుకు వస్తుంది. మరేం కాదు." ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఏదీ దాచదండీ. నల్లటి చోటు ఉండదు."

"చెయ్యుండ్రి."

సంతోషి అడ్రసు మార్చి నడిపింది. జనరేటర్ మీద మెమరీలో రాయడానికి ధైర్యం చాలలేదు. మైక్రోప్రాసెసర్ తాత్కాలికంగా గుర్తుంచుకునే చోటే మార్చింది. ఒకటి నిండింది. రెండు నిండింది. మూడోది సగంలో ఉండగా గదిలో లైటు గుడ్డిగా మారి, మళ్ళీ వెలిగింది. తెర ఖాళీ అయిపోయింది.

"ఏమైంది?" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ఆపరేషన్ గదిలో నర్సు సామాన్లు ఉడకబెట్టే పెద్ద పాత్ర స్విచ్ వేసింది. జనరేటర్ కుంగింది. మిషన్ మళ్ళీ మొదటికొచ్చింది. సంతోషి మార్చిన అడ్రసు పోయింది.

"అన్నీ ఆపేయించండమ్మా," అంటూ శ్రీరామమూర్తి నడవాలోకి పరిగెత్తాడు. స్విచ్ బోర్డు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "ఫ్యాన్లు ఆపండి. ఫ్రిజ్ ఆపండి. ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

మంచం దగ్గర కౌసల్యమ్మ స్వరూప నాడి చూస్తూ గడియారం వైపు చూసింది. ఆ చూపే సంతోషిని ఎక్కువ భయపెట్టింది. చెమటతో అరచేతి మీద రాసుకున్న అంకె చెదిరింది. వేళ్ళు తుడుచుకుని మళ్ళీ కొట్టింది. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి సరిచేసి, కొట్టినదంతా ఒకసారి పైకి చదువుకుంది. నడిపింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగోది మొదలైంది. వరస నెమ్మదిగా ముందుకు జరుగుతోంది. ఇంతకుముందు ఆగిన చోటు వచ్చింది. దాటింది. ఉమ్మడి తీగలో వోల్టేజి పైకి లేచింది. మిషన్ తెర మీద వెలుతురు విసనకర్రలా విచ్చుకుంది.

"అయ్యింది మేడమ్."

కౌసల్యమ్మ ప్రోబు అందుకోబోతే సంతోషి చేయి అడ్డం పెట్టింది. "ముందు నా చేతి మీద చూడుండ్రి. రెండు అంచులూ సరిగ్గ ఉన్నయో లేదో."

డాక్టరమ్మ జెల్ పూసి ఆమె ముంజేతి మీద ప్రోబు పెట్టింది. రక్తనాళం గుండ్రంగా కనబడింది. ఎడమ అంచుకు జరిపింది. కుడి అంచుకు జరిపింది. కుడివైపు చిన్న ఇసుక రేణువుల్లాంటి గరుకు. గుండ్రం మాత్రం ఎక్కడా తెగలేదు.

"చాలు," అని కౌసల్యమ్మ స్వరూప వైపు తిరిగింది.

రెండు నిమిషాలు ప్రోబు అటూ ఇటూ జరిపి చూసింది. తెర మీద బిడ్డ తల, దాని కింద బూడిద రంగు మందపాటి ముద్ద. అది దారికి అడ్డంగా పరుచుకుని కుడి అంచు దాకా వెళ్ళింది. కౌసల్యమ్మ వేలితో చూపించింది. "గిదీ. మాయ. తొవ్వ మొత్తం మూసింది." ఆమె ఊపిరి వదిలింది. "చెయ్యి పెడితే అయిపోతుండె. మూడు చిప్‌ల బొమ్మల గీ అంచు నాకు కనబడకపోవు." నర్సు వైపు తిరిగింది. "ఆపరేషన్‌కు తయారు చెయ్యుండ్రి. మత్తు డాక్టర్ ఎక్కడిదాక వచ్చిండో అడుగు."

పెంటమ్మ డాక్టరమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మా, బతుకుతదా నా కోడలు?"

"గిప్పుడైతే ఏం జెయ్యాల్నో నాకు తెలుసు," అంది కౌసల్యమ్మ. "పొద్దున అదే తెల్వకపాయె. నువ్వు బయట కూసో."

మత్తు డాక్టరు పదకొండూ ముప్పావుకు వచ్చాడు. ఆపరేషన్ గది తలుపులు మూశారు. సంతోషి, శ్రీరామమూర్తి నడవాలో బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్యా సంచి. ఆయన చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది.

ఆయనే మొదలుపెట్టాడు. "నాతో మాట్లాడటం మానేశావు, సరే. పని గురించి కూడా మానేయాలా?"

"మీరు గూడ మానేసిండ్రు సార్."

"అవును," అన్నాడు. "నేను కూడా." సంచి పక్కకు జరిపాడు. "ఆ రోజు భోజనాల దగ్గర నేనన్నది తప్పే. సమ్మె గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ మీ నాన్నగారు ఎదురుగా ఉంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. నువ్వెదురుగా ఉన్నా అన్నాను."

"నేను గూడ లెక్క పెట్టేటప్పుడు అడగాలని అనుకున్న సార్. మీ బల్ల దాక వచ్చి వాపస్ పోయిన." ఆమె గోడకేసి చూస్తూ అంది. "నా అభిప్రాయం గూడ మారదు."

"మారక్కర్లేదు."

ఒంటిగంటకు తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల. రెండు కిలోలు. కాసేపు ఏడవలేదట, తర్వాత ఏడ్చింది. స్వరూపకు రెండు సీసాల రక్తమూ ఎక్కించారు. గర్భసంచి తీసేయాల్సి వస్తుందేమోనని కౌసల్యమ్మ భయపడింది గాని ఆ అవసరం రాలేదు. పెంటమ్మ నడవాలో నేల మీద కూలబడి ఏడ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు.

సంతోషికి కూడా అలాగే కూర్చుండిపోవాలనిపించింది. కానీ ఆ ఏడుపు వింటుండగానే ఒక సంగతి బుర్రలో తట్టి లేచి నిలబడింది.

"సార్. శుక్రవారం, శనివారం నేను ఇంకా ఆరు మిషన్లల్ల ఇదే ఎక్కించిన."

శ్రీరామమూర్తి కూడా లేచాడు. ఆరు ఊళ్ళు. అన్నిచోట్లా రోజుకు ఐదారుసార్లు కరెంటు పోతోంది. ఎక్కడ ఏ పూట చెరపడానికీ రాయడానికీ మధ్యన పోతుందో ఎవరికి తెలుసు? ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "మూడు నువ్వు చెయ్యి. మూడు నేను చేస్తాను. ఏమని చెప్పాలి?"

"మిషన్ ఆన్‌ల ఉంటే ఆపొద్దు, ఇన్వర్టర్ మీద ఉంచుండ్రి. ఆఫ్‌ల ఉంటే మేం వచ్చేదాక స్విచ్ ఎయ్యొద్దు."

నడవాకు రెండు కొసల్లో నిలబడి ఇద్దరూ ఫోన్లు చేశారు. మొదటి డాక్టరు బంద్ అని ఇంట్లో ఉన్నాడు. కాంపౌండరుకు చెబుతానన్నాడు. రెండోచోట మిషన్ నడుస్తోంది. మూడోచోట సంతోషిని బాగా తిట్టారు. ఆమె విని, చెప్పాల్సింది మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఇటు తిరిగేసరికి శ్రీరామమూర్తి ఇబ్రహీంపట్నం డాక్టరుతో మాట్లాడుతున్నాడు.

"నిన్నటి నుంచా? మూడు దాకా వెళ్ళి ఆగిపోతోందా? లేదండీ, మీ కరెంటు తప్పు కాదు. తప్పు మాదే. ఆ అమ్మాయి ఒక్కతే చేసింది కాదండీ, నేనూ చేశాను. ఈ పూటే వస్తాం."

ఆయన ఫోన్ పెట్టి ఆమె వైపు చూశాడు. సంతోషి స్కాన్ గదిలోకి వెళ్ళి, ఈసారి జనరేటర్ మీద కాక ఈలోగా తిరిగొచ్చిన కరెంటు మీద, మూడో ఫైలును నాలుగోదాని చోట శాశ్వతంగా రాసింది. తన లెక్కను తీసేసింది. మిషన్‌ను మూడుసార్లు ఆపి, మూడుసార్లు వేసి చూసింది. మూడుసార్లూ నాలుగూ నిండాయి.

రెండున్నరకు బయల్దేరారు. ఇబ్రహీంపట్నం వైపు సాగర్ రోడ్డు ఖాళీగా ఉంది. దారి పొడుగునా శ్రీరామమూర్తి వెనక కూర్చుని, నాలుగో చిప్‌లో తను చేసిన మార్పేమిటో గాలికి వినబడేట్టు గట్టిగా చెబుతూ వచ్చాడు. సంతోషి మధ్యమధ్య బండి నెమ్మది చేసి, అర్థం కానిచోట మళ్ళీ చెప్పమని అడిగింది.